ఏడో ఊపిరి

అనగనగా అనగానే మీరు పులినో సింహాన్నో తెచ్చి ముందు నిలబెడతారు. ఈ కథలో అవి లేవు. ఈ అడవిలో ఉన్నది చలి. ఆ చలికి పులి కూడా కొండ దిగిపోయింది. దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. మధ్యలో లేచి నీళ్ళకీ గీళ్ళకీ వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి.

ఆ అడవి ఎత్తైన కొండ మీద ఉండేది. పుష్యమాసం వచ్చిందంటే అక్కడ మంచు దిగేది. అలా ఇలా కాదు, చెయ్యి చాపితే మన వేళ్ళు మనకే కనిపించవు. పొద్దు ఎప్పుడు పొడిచిందో, ఎప్పుడు గుంకిందో ఎవరికీ తెలిసేది కాదు. ఆకుల మీద నుంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు.

అడవి నడుమ ఒక పాత బంగళా ఉంది. ఎప్పుడో ఎవరో అందులో ఉండేవాళ్ళు. పోయారు. ఎందుకు పోయారని అడిగితే అడవిలో అందరూ తల తిప్పుకునేవారు. వాళ్ళు పోతూ పోతూ వెనక వరండాలో ఒక పెద్ద చెక్కపెట్టెను వదిలేశారు. దానికి నాలుగు పొట్టి కాళ్ళు. పైన రేకు కప్పు. ముందువైపు ఇనుప జాలీ. పక్కన కుందేలు దూరేంత చిన్న గుమ్మం. కప్పుకూ చెక్కకూ మధ్య రెండు వేళ్ళ సందు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. జాలీ, గుమ్మం, సందు. పెట్టెలోకి గాలి వచ్చే దారులు ఆ మూడే.

ఆ పెట్టెలో ఒక గినీ పిగ్గుల కుటుంబం కాపురం ఉండేది. గినీ పిగ్ ఎలా ఉంటుందో తెలుసా? ఎలుక కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది. తోక ఉండదు. కాళ్ళు పొట్టి. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. మన ఇంట్లో కూడా అలాంటివాళ్ళు ఉన్నారు, పేరు చెప్పను.

తండ్రి పేరు కుంకుడు. తల్లి పేరు గవ్వ. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు రాగి. నడిపిది జొన్న. చిన్నది సామ. సామ మరీ చిన్నది. గవ్వ గడ్డం కింద దూరి పడుకుంటే ముక్కు మాత్రమే కనిపించేది.

వాళ్ళతో పాటు దూదమ్మ అనే ముసలి కుందేలు కూడా ఉండేది. ఆ ఏడాది వానలకు దూదమ్మ బొరియ కూలిపోయింది. తడిసి ముద్దయి వరండాలో కూర్చుంటే గవ్వే పిలిచింది.

"పెద్దమ్మా, మాతో ఉండు. మాకు చలి అంటే చచ్చేంత భయం. నీకు ఒంటి నిండా బొచ్చుంది, నాలుగు చలికాలాలు చూసినదానివి. నువ్వుంటే మాకు ధైర్యం" అంది.

దూదమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఉంటాను తల్లీ. ఈ చలికాలం గడిచేదాకా నీ పిల్లలకు నేను పూచీ" అని మాట ఇచ్చింది.

ఊరికే ఇవ్వలేదు ఆ మాట. కార్తీకమంతా తిరిగి ఎండుగడ్డి మోసుకొచ్చింది. ఉసిరికాయలు తెచ్చింది, ఎందుకంటే పులుపు తినకపోతే గినీ పిగ్గుల ఒంట్లో సత్తువ ఉండదు. బంగళా దొడ్లో రాలిన దోరజామకాయలు దొర్లించుకొచ్చింది. పిల్లలు ఆమెను "మామ్మా మామ్మా" అంటూ వీపెక్కి తొక్కేవాళ్ళు. పైకి కసిరేది గానీ దించేది కాదు.

కుందేళ్ళకు కొన్ని అలవాట్లున్నాయి. ఏదైనా ఆపద వాసన వస్తే వెనక కాలితో నేలను ధబ్బున తడతాయి. ఆ చప్పుడు వినగానే చుట్టుపక్కల అందరూ ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోవాలి. కదలకూడదు, కిక్కురుమనకూడదు. దూదమ్మ ఈ అలవాటు పిల్లలకు నేర్పింది. సామ అందరికంటే బాగా నేర్చుకుంది. ధబ్ అనగానే రాయి అయిపోయేది.

ఇంకో అలవాటు బొరియ నోరు మూయడం. తల్లి కుందేలు బయటికి వెళ్ళినప్పుడు పిల్లలను లోపల పెట్టి, గడ్డీ మట్టీ కలిపి బొరియ నోటికి మూత పెట్టి వెళ్తుంది. ముంగిసకు వాసన తెలియకూడదని.

దూదమ్మ వయసులో ఉన్నప్పుడు ఒక పొద్దున ఆకలి మీద తొందరగా వెళ్ళిపోయింది. మూత పెట్టలేదు. గుప్పెడు గడ్డి తినేంతసేపే. తిరిగొచ్చేసరికి బొరియలో ఐదుగురు పిల్లల్లో ఒక్కరూ లేరు. దూదమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రోజు నుంచి ఎక్కడ సందు కనిపించినా ఆమె కాళ్ళు ఆగేవి కావు. అందులో గడ్డి కుక్కేసేదాకా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

పుష్యమాసం వచ్చింది. మంచు దిగింది.

మొదటి రోజు మధ్యాహ్నానికే వరండా కనిపించడం మానేసింది. జాలీ లోంచి తెల్లటి పొగలాంటిది మెల్లగా లోపలికి వచ్చింది. సామ మూతి మీదకు వచ్చింది. సామ తుమ్మింది.

"అదిగో, చలిగాడు వచ్చాడు" అంది దూదమ్మ.

"చలిగాడంటే ఎవరు మామ్మా?" అని అడిగాడు రాగి.

"మంచులో నడుస్తాడు. కాళ్ళుండవు. ఏ సందు దొరికినా దూరతాడు. నిద్రపోయే పిల్లల పక్కన పడుకుంటాడు. వాడు పక్కన పడుకున్న పిల్లలు మళ్ళీ లేవరు."

ముగ్గురు పిల్లలూ గవ్వ పొట్ట కిందికి దూరారు. పిల్లలకు ఇలాంటివి చెప్పకూడదు. చెప్పేవాళ్ళకే ముందు భయం పట్టుకుంటుంది.

దూదమ్మకు అదే జరిగింది. వెంటనే లేచింది. తడిమట్టి తెచ్చింది, గడ్డి కలిపింది, జాలీ మొత్తం మెత్తేసింది. పెట్టెలో సగం చీకటి పడింది. వెచ్చగా అనిపించింది. కుంకుడు కూడా "హమ్మయ్య" అన్నాడు.

సాయంత్రం పిల్లలు పడుకున్నాక దూదమ్మ ఊపిరులు లెక్కపెట్టింది. బొరియల్లో పెరిగినవాళ్ళకు అది అలవాటే. చీకట్లో ముఖాలు కనిపించవు కాబట్టి తల్లులు చెవులతోనే పిల్లల్ని లెక్క చూసుకుంటారు. కుంకుడుది బరువు ఊపిరి, ఒకటి. గవ్వది రెండు. రాగి, జొన్న, సామ, ఐదు. తనది ఆరు.

ఏడోది వినిపించింది.

దూదమ్మ చెవులు రెండూ నిలబడ్డాయి. తన ఊపిరి బిగబట్టి మళ్ళీ లెక్కపెట్టింది. తనది లేకుండా ఐదు ఉండాలి. ఆరు ఉన్నాయి. ఆ ఆరోది ఏ ఒక్కరి దగ్గరి నుంచీ రావడం లేదు. పైనుంచి వస్తోంది. నెమ్మదిగా, తడిగా, ఎవరో రేకు కింద బోర్లా పడుకుని అందరినీ చూస్తున్నట్టు. ఉండుండి ఒక చల్లని చుక్క ఆమె నుదుటి మీద పడింది. దూదమ్మ పైకి చూడలేదు. ఎవరినీ లేపలేదు. పొద్దున్నే అంతా సర్దుకుంటుందిలే అని తనకు తనే చెప్పుకుంది.

పొద్దున మంచులో ఏదో చప్పుడైంది.

గల... గల... గల...

ఎండిన ఎముకల మూట ఎవరో ఈడ్చుకొస్తున్నట్టుంది. బంగళా మెట్ల దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. దూదమ్మ కాలితో ధబ్బున తట్టింది. లోపల అందరూ రాళ్ళయిపోయారు.

బయట నుంచి ఒక బొంగురు గొంతు పలికింది. "లోపల ఎంతమంది ఉన్నారు?"

మీరే చెప్పండి, మంచులోంచి ఎవరో వచ్చి అడగాల్సిన మాటేనా అది?  దూదమ్మ గొంతు గట్టి చేసుకుంది.

"ఆరుగురం" అంది.

"ఆరుగురేనేటి? ఇంత వాసన వస్తందేటి? సరిగ్గా లెక్కెట్టుకో తల్లీ. ఆ జాలీకి మట్టి ఎందుకు మెత్తీసినావు? తీసీయ్."

"తియ్యను. వచ్చిన దారినే పో."

 గొంతు గలగలమంటూ మంచులోకి వెళ్ళిపోయింది.

"ఎవరు పెద్దమ్మా అది?" అంది గవ్వ.

"ఇంకెవరు? చలిగాడే. నిన్న లోపలికి రాబోయాడు, దారి మూసేశాను. ఈరోజు ఆ మట్టి తియ్యమంటున్నాడు." అంటూనే దూదమ్మ గుమ్మం దగ్గరికి నడిచింది. రెండో దారి కూడా మూసేసింది. గడ్డి కుక్కింది, మట్టి మెత్తింది, దాని మీద తన వీపు ఆనించి గట్టిపరిచింది.

గుమ్మం మూసేశాక ఒక చిక్కు వచ్చింది. రోజూ పొద్దున్నే కుంకుడు తడిసిన గడ్డిని ఆ గుమ్మంలోంచే బయటికి నెట్టేవాడు. ఆరుగురు రాత్రంతా తడిపిన గడ్డి మరి. ఇప్పుడు దాన్ని ఎక్కడికి నెట్టాలి?

"పెద్దమ్మా, గడ్డి నానిపోయింది. ఒక్కసారి గుమ్మం తీస్తే పారేసి వస్తాను" అన్నాడు కుంకుడు.

"ఒక్కసారి అంటే ఎంతసేపు? గుప్పెడు గడ్డి తినేంతసేపా?" అని అరిచింది దూదమ్మ. ఆ మాటకు అర్థమేమిటో కుంకుడికి తెలియలేదు గానీ, ఆమె కళ్ళు చూసి నోరు మూసుకున్నాడు. తడి గడ్డి మీదే పొడి గడ్డి పరిచారు.

ఆ పగలంతా పిల్లలు ఆడలేదు. జొన్న రెండుసార్లు తుమ్మింది. సామ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. జామముక్క మూతి దగ్గర పెడితే వాసన చూసి పక్కకు తిప్పుకుంది.

"పెద్దమ్మా, సామ తినడం లేదు. కళ్ళు మండుతున్నాయంటోంది. నాకూ మండుతున్నాయి" అంది గవ్వ.

"చలికి అంతే" అంది దూదమ్మ.

"చలి కళ్ళు మండిస్తుందా?"

"నాలుగు చలికాలాలు చూశాను గవ్వా. నాకు తెలియదా?"

 పెద్దవాళ్ళు అలా అన్నాక గవ్వ ఇంకేమంటుంది? సామను దగ్గరికి లాక్కుని పడుకుంది.

ఆ సాయంత్రం దూదమ్మ మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు. ఈసారి ఏడో ఊపిరి దగ్గరగా ఉంది. రేకు మీద నుంచి దిగి గోడల మీదకు వచ్చినట్టుంది. దూదమ్మ గోడకు పాదం ఆనించింది. చెక్క తడిగా ఉంది. ఎవరో నాకినట్టుగా, వెచ్చగా తడిగా ఉంది. ఆమె పాదం వెనక్కు లాక్కుంది.

రెండో పొద్దున మళ్ళీ అదే చప్పుడు. గల... గల... గల...

ధబ్. అందరూ రాళ్ళయ్యారు.

"తుమ్ములు మెట్ల కాడికి ఇనపడతన్నాయి. పిల్లలున్నారేటి లోపల?" అంది గొంతు.

"నీకెందుకు?"

"నానెవలో తెలీక బయపడతన్నావు. నాను ములుకయ్యని. ఏదుపందిని. ఆ రాళ్ళ కింద ఉంటాను. ఈ చప్పుడు నా ముళ్ళది. ఇను తల్లీ, ఆ గుమ్మం తీసీయ్. నాను లోపలికి రాను. దూరంగానే నిలబడతాను."

కుంకుడు మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, ఏదుపంది అయితే మనల్ని తినదు. అది దుంపలు తినే జాతి."

"నోటితో ఎవరైనా ఏ పేరైనా చెబుతారు. ముఖం చూశావా? మంచులో ముఖం లేదు, గొంతు ఒక్కటే ఉంది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ రాని ఏదుపంది ఈ మంచులోనే ఎందుకొచ్చింది?" అంది దూదమ్మ. తర్వాత బయటికి అరిచింది. "నువ్వు ఏదుపందివైతే దుంపలు తవ్వుకో, పో!"

"సరే. ఇంకొకలి ఇంటి తలుపు నాను పడగొట్టను. కానీ ఆ రేకు కింద సందొకటి ఉంది. దాన్ని మాత్రం ముయ్యకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని ముయ్యకు."

గలగలలు దూరమయ్యాయి.

పిల్లలూ, అడిగినవాడు అంత బతిమాలాడు గదా, ఆ సందు వదిలేయాలి గదా? భయం పట్టినవాళ్ళ తీరు వేరు. 'దాన్ని ముయ్యకు' అనగానే దూదమ్మకు ఒకటే తోచింది. వాడు లోపలికి రావడానికి మిగిలిన దారి అదేనన్నమాట. అంత ఎత్తున ఉన్న ఆ సందు ఇన్నాళ్ళూ ఆమె కంటపడనే లేదు. వెంటనే గడ్డి మూటల మీదకు ఎక్కింది. ముసలి కాళ్ళు వణుకుతున్నా పైకి సాగింది. తన పొట్ట మీది బొచ్చు పీకి, మిగిలిన మట్టిలో కలిపి, రేకు కింద సందును ఈ చివర నుంచి ఆ చివరకు మూసేసింది. మూడు దారులూ అయిపోయాయి.

పెట్టెలో పూర్తిగా చీకటి పడింది.

పగలో సాయంత్రమో తెలియని ఆ చీకట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మాట్లాడాలంటే దగ్గు వచ్చేది. గోడల మీద నుంచి నీళ్ళు కారాయి. రేకు మీద నుంచి చుక్కలు పడ్డాయి. ఒకసారి రాగి నిద్రలో "మామ్మా, నా పక్కన ఎవరో తడిగా పడుకున్నారు" అన్నాడు. దూదమ్మ చీకట్లో తడుముకుంటూ వెళ్ళి వాడి పక్కన చూసింది. గడ్డి తప్ప ఎవరూ లేరు.

చాలాసేపటికి దూదమ్మ లెక్కపెట్టింది. ఎన్ని వస్తాయోనని భయపడుతూ లెక్కపెట్టింది. కుంకుడు ఒకటి. గవ్వ రెండు. చిన్న ఊపిరులు, మూడు, నాలుగు. మరొకటి, ఐదు. తనది ఆరు.

మళ్ళీ విన్నది. ఆరే.

దూదమ్మ గుండె తేలికపడింది. వాడు వెళ్ళిపోయాడు! అన్ని దారులూ మూసేసరికి చలిగాడు వెళ్ళిపోయాడు. ఈసారి తను మూత పెట్టింది. ఈసారి పిల్లలందరూ లోపలే ఉన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. తన పిల్లలు పోయిన నాటి తర్వాత మొదటిసారి అంత హాయిగా నిద్రపోయింది.

గల... గల... గల...

దూదమ్మ ఉలిక్కిపడి లేచింది. తల దిమ్ముగా ఉంది. కాలితో ధబ్బున తట్టింది. లోపల ఎవరూ కదల్లేదు.

"తల్లీ, సందు కూడా మూసీసినావేటి?" అంది గొంతు. ఈసారి ఆ గొంతులోనే భయం ఉంది. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురం!" అంది దూదమ్మ గర్వంగా. "మొదటి రాత్రి ఏడు ఊపిరులు విన్నాను. రెండో రాత్రీ ఏడే. ఇప్పుడు ఆరు. నువ్వు నా ఇంట్లోంచి వెళ్ళిపోయావు. ఇక రాలేవు."

బయట ములుకయ్య ముళ్ళ చప్పుడు ఆగిపోయింది. 

"తల్లీ" అన్నాడు. "ఆ ఏడోది నాను కాను. చలీ కాదు. అది మీ ఊపిరే. బయటికి పోడానికి దారి నేక రేకుకి తగిలి, నీళ్ళయి, మళ్ళీ మీ మీదకే వస్తంది. అది ఎక్కడికీ పోదు. నువ్వు మూసినకొద్దీ పెరగాలి గానీ తగ్గదు."

"అయితే ఏడు ఉండాలి. ఆరే ఉన్నాయి."

"ఆరింటిలో ఒకటి అదే అయితే?"

దూదమ్మకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"ఇక చాలు, కదలండి!" అంది పిల్లలతో. కాలు తట్టాక అందరూ రాళ్ళయి ఉన్నారు గదా. ఇప్పుడు కదలమని చెప్పింది. "రాగీ!"

"ఊఁ" అన్నాడు రాగి నీరసంగా.

"జొన్నా!"

"కీ" మంది జొన్న. చాలా చిన్నగా.

"సామా!"

సామ కదల్లేదు. సామ ఎప్పుడూ అంతే, కాలు తడితే అందరికంటే గట్టిగా బిగుసుకుపోతుంది. "ఇక కదలొచ్చు సామా. మామ్మ చెబుతోంది కదా, కదలొచ్చు." దూదమ్మ చీకట్లో ముందుకు పాకింది. గవ్వ గడ్డం కిందికి మూతి పెట్టింది. చిన్న ముక్కు తగిలింది. అది చల్లగా ఉంది. దాని నుంచి ఏ గాలీ రాలేదు.

దూదమ్మ గుమ్మం వైపు తిరిగింది. వెనక కాళ్ళు రెండూ ఎత్తి తన్నింది. ఎండిన మట్టి కదల్లేదు. మళ్ళీ తన్నింది. గోళ్ళు విరిగాయి. "ములుకయ్యా!" అని అరిచింది. "తలుపు పడగొట్టు! మా ఇంటి తలుపు పడగొట్టు!"

ఆ మాట కోసమే అతను మూడు రోజులుగా తిరుగుతున్నాడు. పైన రేకు కింద పళ్ళతో చెక్క కొరికే చప్పుడు కరకరమంది. దూదమ్మ మూడోసారి తన్నింది. గుమ్మం మట్టి పెళ్ళలుగా బయటికి పడింది.

చల్లగాలి లోపలికి వచ్చింది. దాని వెనకే మంచు వచ్చింది. మంచులో, కొరకడం ఆపి మెట్ల దగ్గరికి జరిగిన ఒక ముసలి ఏదుపంది నిలబడి ఉంది. ముళ్ళ మీద నీటి చుక్కలు, మూతి నిండా చెక్క పొట్టు. అంతకంటే ఇంకేమీ లేదు అక్కడ.

కుంకుడు రాగినీ జొన్ననూ బయటికి లాక్కొచ్చాడు. వాళ్ళు వరండాలో పడి దగ్గారు. చాలాసేపు దగ్గారు. కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత రాగి ఆకలేస్తోందన్నాడు.

గవ్వ మాత్రం బయటికి రాలేదు. సామను అలాగే గడ్డం కింద పెట్టుకుని పడుకుంది.

దూదమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు, పక్కకు పోయే ముఖం లేదు.

"పెద్దమ్మా" అంది గవ్వ. "కళ్ళు మండుతున్నాయని చెప్పాను నీకు."

"చెప్పావు."

"చలికి అన్నావు."

"అన్నాను."

గవ్వ మరేమీ అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే, దూదమ్మకు ఎంతో బాగుండేది.

ములుకయ్య దూరంగానే నిలబడి నేల వైపు చూస్తూ చెప్పాడు. "నానూ బొరియలోనే పుట్టాను తల్లీ. బొరియ నోరు మూసినా పరవాలేదు. మట్టికి ఊపిరుంటది. మన తడి పీల్చుకుంటది, మనకి గాలిస్తది. చెక్కకీ రేకుకీ ఆ గుణం నేదు. తడిగడ్డి ఘాటూ, మీ ఊపిరీ లోపలే మగ్గిపోయి కళ్ళు మండించినాయి, ఊపిరి ఆపీసినాయి. నీకు తెలీదు. మొదటి రోజే నీకు ఇడమరిసి సెప్పుంటే బాగుణ్ణు. మూత తీసీమన్నాను గానీ ఎందుకో సెప్పలేదు. ఆ తప్పు నాది."

అతను తన వంతు తప్పు తీసుకున్నాడు. దూదమ్మ వంతు దూదమ్మకే మిగిలింది.

సామను బంగళా వెనక, జామచెట్టు దగ్గర పాతిపెట్టారు. దూదమ్మే తవ్వింది. విరిగిన గోళ్ళ నుంచి రక్తం కారుతున్నా ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. పని అయ్యాక ఎవరితోనూ చెప్పకుండా మంచులోకి నడిచింది.

నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి గవ్వ గొంతు వినిపించింది. "ఎక్కడికి?"

"నేను ఉండకూడదు తల్లీ."

"జొన్న వణుకుతోంది" అంది గవ్వ. ఆమె గొంతులో క్షమించిన జాడ లేదు. కోపం కూడా లేదు. అలసట ఉంది. "నాకు ఒంటి నిండా బొచ్చు లేదు. నీకుంది. చలికాలం ఇంకా అయిపోలేదు. నువ్వు మాట ఇచ్చావు."

దూదమ్మ వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి పెట్టెలో పద్ధతి మారింది. తెల్లారగానే కుంకుడు తడి గడ్డి అంతా బయటికి నెట్టేవాడు. దూదమ్మ కొత్త గడ్డిని మూరెడు మందాన పరిచేది. పిల్లలు అందులో సొరంగాలు చేసుకుని ముక్కు బయటపెట్టి పడుకునేవారు. జాలీకి కింద సగం మాత్రం గాలి కొట్టకుండా పాత గోనెపట్టా అడ్డం పెట్టారు, పై సగం వదిలేశారు. రేకు కింద సందు తెరిచే ఉంచారు. ఉసిరికాయలు అయిపోతే ములుకయ్య తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళేవాడు.

దూదమ్మ ఊపిరులు లెక్కపెట్టడం మానేసింది. ఇప్పుడు లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళేది. మూతి పెట్టి ముక్కులు తాకి చూసేది. "తిన్నావా? కళ్ళు మండుతున్నాయా? నొప్పి ఎక్కడ?" అని అడిగేది. వాళ్ళు చెప్పేదాకా అక్కడే ఉండేది. చెప్పినదాన్ని నమ్మేది.

పుష్యమాసం చివర్లో ఒక పొద్దున మంచు మళ్ళీ దట్టంగా దిగింది. వరండా కనిపించడం మానేసింది. గుమ్మంలోంచి తెల్లటి మంచు మెల్లగా లోపలికి పాకింది.

జొన్న కెవ్వుమంది. "మామ్మా! చలిగాడు! మూసెయ్ మామ్మా, మూసెయ్!"

దూదమ్మ కాళ్ళు వాటంతట అవే లేచాయి. గడ్డి ఎక్కడుందో, మట్టి ఎక్కడుందో కళ్ళు వెతికాయి. పాదాల్లో పాత దురద మొదలైంది.  ఆ భయం ఆమెను ఏనాడూ వదలలేదు పిల్లలూ, ఇక ముందు కూడా వదలదు.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మట్టి ముట్టుకోలేదు. గుమ్మానికి అడుగు దూరంలో, గాలి పైనుంచి పోయేలా, వీపును మంచు వైపు పెట్టి పడుకుంది. తెల్లటి మంచు వచ్చి ఆమె బొచ్చు మీద ఆగి నీళ్ళయింది.

"మూయను తల్లీ" అంది. "చలి వస్తుంది, రానీ. నేను అడ్డంగా పడుకున్నాను. నువ్వు ఇలా రా, నా పొట్ట దగ్గరికి."

జొన్న వచ్చింది. రాగి వచ్చాడు. కాసేపటికి గవ్వ కూడా వచ్చి ఆ వెచ్చదనంలో ఒక మూల పడుకుంది.

నీతి: మనవాళ్ళను కాపాడుకోవాలంటే తలుపులు మూస్తే సరిపోదు, లోపల వాళ్ళకు ఊపిరి ఆడుతోందో లేదో దగ్గరికి వెళ్ళి చూడాలి, వాళ్ళు చెప్పేది వినాలి.